మిద్దె మీద త్సుకిమి: పదిహేను ఉండలు, గుప్పెడు రెల్లు

తిరుపతిలో పౌర్ణమి అంటే కొండ మీద గరుడసేవ. చంద్రుణ్ణి చూడ్డానికని పనిగట్టుకుని మిద్దెక్కేవాళ్ళు తక్కువ. చూడకూడని రోజు మాత్రం అందరికీ గుర్తుంటుంది, వినాయక చవితి. మామూలుగా ఆ చవితి గడిచిన పదకొండు రోజులకు జపాన్‌లో తెల్లటి బియ్యప్పిండి ఉండలు గుడి గోపురంలా పేర్చి, పక్కన రెల్లులాంటి గడ్డి నిలబెట్టి, చంద్రుణ్ణి చూడ్డమే పనిగా కూర్చుంటారు. దాన్ని త్సుకిమి అంటారు. త్సుకి అంటే చంద్రుడు, మి అంటే చూడ్డం. శ్రీసిటీలో జపాన్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు ఈ మాట కొత్త కాకపోవచ్చు.

మన ఊళ్ళో ఇది చేసుకోవాలంటే అక్కణ్ణించి ఏదీ తెప్పించుకోనక్కర్లేదు. కానీ వాళ్ళ వీడియోలు చూసి ఉన్నదున్నట్టు దించేస్తే తేదీ తప్పుతుంది, పిండి పగులుతుంది, చంద్రుడేమో సన్‌షేడ్ వెనక్కి పోతాడు.

ముందు తేదీ. జపాన్ పాత చాంద్రమానంలో ఎనిమిదో నెల పదిహేనో రాత్రి ఇది. పేరు జూగోయా, అంటే పదిహేనో రాత్రే. చైనా నుంచి వచ్చిన ఆచారం, వెయ్యేళ్ళ కిందటి హెయాన్ కాలపు రాజుగారి కొలువులో పడవల మీద కవిత్వం, సాకే అనే బియ్యపు మద్యంతో స్థిరపడింది. క్యోటోలో దాయ్‌కకుజి గుడి పక్కనున్న ఓసావా కొలనులో ఇప్పటికీ ఈ రోజుల్లో పడవలు తిప్పుతారు. 1873లో జపాన్ ఇంగ్లీషు కేలండర్‌కి మారినప్పుడు చాలా పండుగల్ని కొత్త తేదీలకు జరిపేశారు. దీన్ని జరపడం కుదరలేదు, ఆకాశంలో చంద్రుడు ఉండాలి కదా! మన లెక్కలో అది మామూలుగా భాద్రపద పౌర్ణమి, సరిగ్గా మహాలయ పక్షం గుమ్మంలో. అధిక మాసం వాళ్ళకొక ఏడూ మనకొక ఏడూ వచ్చినప్పుడు మాత్రం నెల జరుగుతుంది. 2025లో అలాగే జూగోయా అక్టోబర్ 6న, మన ఆశ్వయుజ పౌర్ణమికి పడింది. 2026లో సెప్టెంబర్ 25, శుక్రవారం. 2027లో సెప్టెంబర్ 15.

పంచాంగం తీస్తే ఇక్కడ ఒక తిరకాసు కనిపిస్తుంది. 2026లో చంద్రుడు పూర్తిగా నిండేది 25న కాదు, 26 రాత్రి పది దాటాక. తప్పు ఎవరిదీ కాదు. మనం తిథిని సూర్యచంద్రుల మధ్య ఎడాన్ని బట్టి కొలుస్తాం, 12 డిగ్రీలకొక తిథి. వాళ్ళు రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెడతారు. అమావాస్య ఘడియ పడ్డ రోజు ఒకటి, అక్కణ్ణించి పదిహేను. చంద్రుడు దారిలో ఒకచోట చురుగ్గా, ఒకచోట మెల్లగా నడుస్తాడు కాబట్టి అమావాస్య నుంచి పున్నమికి ఒక్కోసారి 13.9 రోజులే పడుతుంది, ఒక్కోసారి 15.6 రోజులు. అందుకే జూగోయా చంద్రుడు చాలా ఏళ్ళు పిసరు తక్కువ పున్నమి. అయినా 25నే చేసుకోవడం మేలు. ఆ రోజు పొద్దు గూకేటప్పటికే చంద్రుడు తూర్పున పైకొచ్చి ఉంటాడు, వెలుతురు ఉండగానే అన్నీ సర్దుకోవచ్చు.

గడ్డి విషయానికొద్దాం. వాళ్ళు పెట్టేది సుసుకి. ఆ వేళకు వరి ఇంకా కోతకు రాదు. కంకి వేసి తలవంచిన సుసుకిని వరికంకుల బదులు నిలబెడతారు, దాని పదునైన ఆకు చెడును రానివ్వదని కూడా నమ్ముతారు. మనకు రెల్లు ఉంది. రెండూ చెరకుకు దగ్గరి చుట్టాలే, సరిగ్గా అదే రోజుల్లో వాగుల ఒడ్డునా చెరువు కట్టల మీదా పూస్తుంది. స్వర్ణముఖి ఇసుకలో వెతికితే పని అయిపోతుంది. ఐదు కాడలు చాలు, ఉత్సాహం ఉంటే పదిహేను.

కొయ్యడంలోనే అంతా ఉంది. దూదిలా విచ్చుకున్న రెల్లు ఫొటోలో బాగుంటుంది, ఇంటికి చేరేలోపు సగం చొక్కా మీదే ఉంటుంది, మిగతా సగం ఉండల మీద వాలుతుంది. ఒరలోంచి సగమే బయటికొచ్చి, పట్టుదారంలా వెండిరంగులో అతుక్కుని ఉన్న కంకి కొయ్యాలి. మరుసటి రోజుకు అదే విచ్చుకుంటుంది. పూర్తి చేతుల చొక్కా, తోలు గ్లవుజులు తప్పనిసరి, ఆకు అంచున గాజులాంటి సన్నటి పళ్ళుంటాయి, లాగితే చర్మం తెగుతుంది. ఇంటికొచ్చాక కాడ కొసను బకెట్ నీళ్ళలో ముంచి, నీటిలోపలే మళ్ళీ ఏటవాలుగా కోసి, ఆ కొసను కొద్ది నిమిషాలు వెనిగర్‌లో ఉంచి చెంబులో పెట్టండి. ఇలా చెయ్యకపోతే కాడ నీళ్ళు లాగదు, రాత్రికి ఆకులు చుట్ట చుట్టుకుపోతాయి. మిద్దె మీద గాలికి గాజు సీసా నిలవదు, బరువైన ఇత్తడి చెంబే మంచిది. కాడ పొడవు చెంబు ఎత్తుకు రెండున్నర రెట్లు దాటితే అదీ పడుతుంది.

ఇక ఉండలు, త్సుకిమి దాంగో. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఉండ్రాళ్ళు చేసిన చెయ్యేకదా అని మొదలుపెడతారు. ఉండ్రాళ్ళు బియ్యపు రవ్వతో చేస్తాం, చుట్టాక ఉడికిస్తాం, నోట్లో విరగాలి. దాంగో మెత్తటి పిండితో చేస్తారు, ఉడికించాక దంచి చుడతారు, కొరికితే కొంచెం సాగాలి. పైగా వాళ్ళ పొట్టి బియ్యంలో జిగురు ఎక్కువ. మన సోనామసూరి అన్నం పొడిపొడిగా రావడానికి కారణమైన అమైలోజే పిండి ఉండను గట్టిపరుస్తుంది, చల్లారాక పగలగొడుతుంది. కాబట్టి మన పిండిలో జిగురు కలపాలి.

పదిహేను ఉండలకు బియ్యప్పిండి 150 గ్రాములు, జిగురు బియ్యప్పిండి 50 గ్రాములు, చక్కెర 15 గ్రాములు, సలసల కాగే నీళ్ళు 170 మిల్లీలీటర్లు. జిగురు బియ్యం దొరక్కపోతే బియ్యప్పిండి 170 గ్రాములకు మెత్తగా పొడిచేసి జల్లించిన సగ్గుబియ్యం 30 గ్రాములు. చక్కెర తీపి కోసం కాదు, తేమను పట్టి ఉంచి ఉండ త్వరగా గట్టిపడకుండా చూస్తుంది.

పొడులన్నీ కలిపి, నీళ్ళు మూడు విడతలుగా పోస్తూ గరిటె కాడతో తిప్పండి. మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత చేత్తో మెదిపితే చెవి తమ్మెంత మెత్తగా ఉండాలి, జపాన్ వంటింట్లో చెప్పే కొలతా ఇదే. ఇంకా విరుగుతుంటే చెంచాడు చెంచాడు వేడి నీళ్ళు చేర్చండి. పాత పిండి ఎక్కువ తాగుతుంది, తడిబియ్యం ఆడించిన పిండి తక్కువ తాగుతుంది. తడిపిండైతే 120 మిల్లీలీటర్ల దగ్గరే ఆగి చూడండి. ముద్దను నిమ్మకాయంత పెళ్ళలుగా తుంచి, ఇడ్లీ పాత్రలో తడిగుడ్డ మీద పరిచి, ఆవిరి బాగా వచ్చాక 20 నిమిషాలు. ఒక పెళ్ళ విరిచి చూస్తే లోపల పొడి తెలుపు కనపడకూడదు, అంతా ఒకే రంగులో కొంచెం గాజుమెరుపుతో ఉండాలి.

దంచడం వేడి మీదే. రోలు ఉంటే రోలు, లేకపోతే మందపాటి గిన్నెలో తడిపిన పప్పుగుత్తి. మూడు నాలుగు నిమిషాలు దంచి, తడిచేత్తో మడిచి, మళ్ళీ దంచాలి. మిక్సీలో వెయ్యకండి, బ్లేడు కింద బంకలా పట్టేస్తుంది, మోటారు వాసనొస్తుంది. పలుకులు లేకుండా నునుపు వచ్చాక పొడుగ్గా చుట్టి పదిహేను ముక్కలు చెయ్యండి. తూకం వేస్తే ఒక్కోటి 25 గ్రాములు, చుడితే మూడు సెంటీమీటర్ల పైచిలుకు. సంప్రదాయపు కొలత ఇంకా పెద్దది, నాలుగున్నర సెంటీమీటర్లు. అంత చెయ్యాలంటే ఉండకు 55 గ్రాములదాకా పడుతుంది, పిండి రెండింతలకు పైగా కలుపుకోవాలి. చుట్టగానే పళ్ళెంలో ఎడంగా పరిచి విసనకర్రతో విసరండి. పైపొర చప్పున ఆరి నిగనిగలాడుతుంది.

పగుళ్ళు వచ్చాయంటే నీళ్ళు మరగలేదు, లేదా దంచడం తగ్గింది. పళ్ళెంలో అప్పంలా కూర్చున్నాయంటే నీళ్ళెక్కువ. దీనికి మందు పొడిపిండి అద్దడం కాదు, అది పచ్చివాసన వేస్తుంది. ముద్దను మళ్ళీ ఐదు నిమిషాలు ఆవిరికి పెట్టి, మూత తీసి తేమ పోనివ్వాలి. వేడి మీద పేర్చితే కింది తొమ్మిదీ ఒకే అట్టు అవుతాయి. అతుక్కోకూడదని నూనె రాస్తే గోపురం జారుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు గంటల్లో రాయి. పేర్చేదాకా తడిగుడ్డ కప్పి బయటే ఉంచండి, ఆ రాత్రికే తినెయ్యండి.

పేర్చడం అడుగున మూడు వరసల్లో తొమ్మిది, వాటి మధ్య గుంటల్లో నాలుగు, పైన రెండు. నెలకొక పున్నమి చొప్పున పన్నెండే పెట్టేవాళ్ళూ ఉన్నారు, పదమూడు పున్నములొచ్చే ఏడు పదమూడు. 2026లో మనకు అధిక జ్యేష్ఠం కలిసొచ్చింది కాబట్టి ఆ లెక్కన పదమూడే.

పై రెండింటిని ఎలా పెట్టాలో చూడండి. ఎదురుగా నిలబడి చూస్తే పక్కపక్కన రెండు కనపడకూడదు. ఒకదాని వెనక ఒకటి పెడితే ముందునుంచి ఒక్కటే కనిపిస్తుంది. రెండు పక్కపక్కన ఉంటే అది చావింట్లో పెట్టే నైవేద్యంలా ఉంటుందని వాళ్ళ పట్టింపు. ఇంకా ఒకటుంది. ఉండ నున్నగా గుండ్రంగా ఉండకూడదు, బొటనవేలితో పైన ఇట్టే నొక్కి కొంచెం చదును చెయ్యాలి. ఎందుకంటే చనిపోయినవాళ్ళ తలదగ్గర పెట్టే తెల్ల ఉండలు అచ్చం గుండ్రంగా ఉంటాయి, మకురా దాంగో అంటారు, తలగడ ఉండలని అర్థం. మహాలయ పక్షం మొదలయ్యే వేళ తెల్లటి బియ్యపు ఉండలు అరిటాకులో పేరిస్తే మన ఇంట్లో అవ్వ ఏమంటుందో తెలిసిందే, 'ఇవేం పిండాలమ్మా' అంటుంది. ఆ ముసలామె భయమూ, క్యోటో ముసలామె భయమూ ఒక్కటే. అరిటాకు మానెయ్యండి. వాళ్ళు సాన్‌బో అనే చెక్కపీఠం మీద తెల్లకాగితం పరిచి పెడతారు. దానికి మూడు వైపులా చిల్లులుంటాయి, చిల్లు లేని వైపు చంద్రుడికేసి తిప్పుతారు. మనకు పూజపీట, దాని మీద కాగితం చాలు. పీట కాళ్ళ కింద నీళ్ళు పోసిన మూతలు పెట్టకపోతే అరగంటలో చీమల బారు. అలిపిరి దగ్గరి వీధులవాళ్ళు పొద్దుండగా ఆరుబయట పెట్టకండి, కోతులు చంద్రోదయం దాకా ఆగవు. జపాన్ పల్లెల్లో అయితే ఈ ఉండల్ని పిల్లలు పొడుగాటి కర్రకు మేకు కట్టి దొంగిలించేవాళ్ళు, పోయిన ఇంటికి మంచిదని పెద్దవాళ్ళు చూడనట్టు ఊరుకునేవాళ్ళు.

తెల్ల ఉండ ఉత్తదే తింటే చప్పగా ఉంటుంది. వాళ్ళు వేయించిన సోయా పొడి అద్దుకుంటారు. పుట్నాల పొడి రెండు పాళ్ళు, చక్కెర ఒక పాలు, చిటికెడు ఉప్పు కలిపితే దాదాపు అదే రుచి. క్యోటో, ఒసాకా వైపు ఉండలు ఇలా ఉండవు. చేమగడ్డలా కోలగా చేసి, నడుముకు తీపి ఎర్రపప్పు ముద్ద చుడతారు. షిజువోకాలో బొడ్డులా మధ్యలో నొక్కిన హెసొమోచి. ఒకినావాలో ఫుచాగి అని, జిగురు బియ్యపు ముద్దకు ఉడికించిన పప్పుగింజలు ఒళ్ళంతా అంటించి పెడతారు. ఇవన్నీ మన అలసందలతో అవుతాయి, ఆ ఎర్రపప్పు అలసంద జాతిదే. అందులో క్యోటో పద్ధతే మన నాలుకకు నచ్చుతుంది, పూర్ణం బయటికొచ్చిన బూరెలా ఉంటుంది.

ఆ చేమగడ్డ ఊరికే రాలేదు. జూగోయాకి చేమగడ్డ చంద్రుడని ఇంకో పేరు, కొత్త దుంపలు అప్పుడే తవ్వుతారు. బొటనవేలంత చిన్న దుంపల్ని మట్టి పోయేలా రుద్ది కడిగి, పైకొస కత్తితో ఒక చుట్టు గీసి, తొక్కతోనే 15 నుంచి 20 నిమిషాలు ఆవిరిమీద ఉడికించి ఉప్పుతో ఇస్తారు. కిందినుంచి నొక్కితే గడ్డ తొక్కలోంచి జారి బయటికొస్తుంది. పచ్చిగా చెక్కు తీస్తే చేతులు దురద, ఈ పద్ధతిలో ఆ బాధ లేదు. సగం ఉడికితే మాత్రం గొంతు గీరుతుంది. పక్కన గెనుసుగడ్డ కూడా పెట్టుకోవచ్చు. చంద్రుడి పేరుతో గుడ్డు కొట్టి వేసే నూడుల్స్ కూడా ఉన్నాయి, పచ్చసొనే చంద్రుడు. అక్కడ పచ్చిగా తినడానికని శుభ్రంచేసి తేదీ వేసిన గుడ్లు అమ్ముతారు. మన అంగడి గుడ్డుతో అలా చెయ్యకండి, ఉడికించే వెయ్యండి.

ఇప్పుడు కూర్చునే చోటు. టోక్యో 35.7 డిగ్రీల అక్షాంశంలో ఉంది, తిరుపతి 13.6లో. ఈ రోజుల్లో పున్నమి చంద్రుడు వాళ్ళకు నడిరేయిన కూడా 54 డిగ్రీల ఎత్తు దగ్గరే ఉంటాడు, వసారా చూరుకింద కూర్చునే చూడొచ్చు. మనకు దాదాపు నెత్తి మీదికి, 76 డిగ్రీల దాకా ఎక్కుతాడు. పైగా మనకు నిటారుగా లేస్తాడు, గంటకు 14 డిగ్రీలకు తగ్గకుండా. ఎనిమిదిన్నర దాటితే బాల్కనీలోంచి సన్‌షేడే కనపడుతుంది. కాబట్టి మిద్దె ఎక్కాల్సిందే, అదీ పెందలాడే. మన కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి, రేణిగుంట వైపు తూర్పు తెరిపి, అడ్డమేమైనా ఉంటే అది అపార్ట్‌మెంటే. వాటర్ ట్యాంకు పడమటి వైపు వచ్చేలా కూర్చోండి, మెట్లగది బల్బు ఆర్పెయ్యండి.

హెయాన్ దొరలకు తల ఎత్తి చూడ్డం కంటే నీళ్ళలో నీడ చూడ్డం ఇష్టం. మిద్దె మీద కొలను ఉండదు, వెడల్పాటి నల్లటి ఇనప మూకుడు ఉంటే చాలు. స్టీలు గిన్నె వద్దు, అడుగు కూడా మెరిసి రెండు చంద్రుళ్ళు కనపడతారు. అంచుకు వేలెడు తక్కువగా నీళ్ళు పోసి, మీకూ చంద్రుడికీ మధ్యన నేల మీద పెట్టండి. ఎంత దూరంలో అనేది చంద్రుడి ఎత్తును బట్టి ఉంటుంది. చాప మీద కూర్చుంటే కన్ను నీళ్ళకంటే 75 సెంటీమీటర్ల పైన ఉంటుంది అనుకుందాం. చంద్రుడు 30 డిగ్రీల్లో ఉన్నప్పుడు మూకుడు 130 సెంటీమీటర్ల దూరాన ఉండాలి, 45 అయితే 75, 60 అయితే 43. అంటే చంద్రుడు ఎక్కేకొద్దీ మూకుడు మీ ఒళ్ళోకి జరుగుతూ వస్తుంది. పిల్లలకు ఈ జరపడమే పెద్ద ఆట.

చంద్రుడిలో కుందేలు ఎక్కడని ఆ పిల్లలే అడుగుతారు. శశాంకుడనే పేరుతో మనకు కొత్తేం కాదు. నిప్పులో దూకి తన్ను తాను అర్పించుకున్న కుందేలు బౌద్ధ జాతక కథ మననుంచే అంత దూరం వెళ్ళింది. చైనాలో ఆ కుందేలు మందు నూరుతుంది, జపాన్‌లో మోచి, అంటే జిగురు బియ్యపు ముద్ద, దంచుతుంది. మోచిజుకి అంటే నిండు చంద్రుడు, మోచిత్సుకి అంటే మోచి దంచడం, ఆ శ్లేష కూడా కలిసొచ్చింది. బొమ్మ ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఉదయించినప్పటికీ అస్తమించేటప్పటికీ చక్రంలా తిరుగుతుంది. మన అక్షాంశంలో ఆ తిరుగుడు ఇంకా ఎక్కువ, జపాన్ బొమ్మ పట్టుకుని వెతికితే దొరకదు, తల పక్కకు వాల్చి చూడండి.

మబ్బు పడితే? వాళ్ళు దానికీ పేరు పెట్టారు. మబ్బు కప్పితే ముగెత్సు, లేని చంద్రుడు. వాన పడితే ఉగెత్సు, వాన చంద్రుడు. ఉండలు మాత్రం పెడతారు. మర్నాటి రాత్రులకూ పేర్లున్నాయి. పదహారో రాత్రి ఇజయోయి, తటపటాయించే చంద్రుడు. పదిహేడు తాచిమాచి, నిలబడి ఎదురుచూసేది. పద్దెనిమిది ఇమాచి, కూర్చుని. పంతొమ్మిది నేమాచి, పడుకుని. చంద్రోదయం రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి ఈ వరస. ఈ ఋతువులో జపాన్‌లో ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది, మనకు అంత తగ్గదు. తాచిమాచి నాడు మన మిద్దె మీద నిలబడితే కాళ్ళు లాగుతాయి, కుర్చీ వేసుకోండి.

జూగోయా చూసి ఆపేస్తే సగం చూపు అంటారు, కతత్సుకిమి, మంచిది కాదని పట్టింపు. తొమ్మిదో నెల పదమూడో రాత్రి, జూసాన్‌యా, కూడా చూడాలి. ఇది చైనాలో లేదు, వాళ్ళ సొంతం. 2026లో అక్టోబర్ 23. ఉండలు పదమూడు, అడుగున తొమ్మిది, పైన నాలుగు. సెప్టెంబర్‌లో తుఫాన్లు దాటాక వస్తుంది కాబట్టి అక్కడ ఆకాశం తేటగా ఉంటుంది. మన దగ్గర తలకిందులు. భాద్రపదం వాన సాయంత్రం ఉరిమి కురిసి చాలాసార్లు అర్ధరాత్రికి తెరిపిస్తుంది. అక్టోబర్ ఆఖరుకు ఈశాన్య రుతుపవనం దిగుతుంది, వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు మబ్బే. అందుకని పదమూడో రాత్రికి మిద్దె మీద ఆశ పెట్టుకోకుండా కిటికీ దగ్గర సర్దుకోండి. దాన్ని చెస్ట్‌నట్ చంద్రుడనీ, చిక్కుడుగింజ చంద్రుడనీ అంటారు. చెస్ట్‌నట్ కోసం తిరగొద్దు, అప్పటికి మన పల్లెల్లో చెనక్కాయ పీకుతుంటారు. పచ్చికాయలు ఉప్పునీళ్ళలో ఉడికించి గంపలో పెడితే సరిపోతుంది.

మిగిలిన ఉండలు తెల్లారేసరికి గట్టిపడి ఉంటాయి. పారెయ్యకండి. పెనం మీద పొడిగా రెండు వైపులా మచ్చలు పడేదాకా కాల్చి, ఈ పాకం పొయ్యండి: నీళ్ళు 100 మిల్లీలీటర్లు, చక్కెర నాలుగు పెద్ద చెంచాలు, సోయా సాస్ రెండు, మొక్కజొన్న పిండి ఒకటి. అన్నీ చల్లగా ఉండగానే కలిపి పొయ్యి మీద పెట్టి, గాజులా మెరిసేదాకా తిప్పాలి. వేడయ్యాక పిండి వేస్తే గడ్డలు కడుతుంది. రెల్లు కాడల్ని అక్కడ చూరుకు వేలాడదీస్తారు, ఏడాదంతా జబ్బులు రావంటారు. మీరూ గుమ్మం బయటే కట్టండి. హాల్లో ఫ్యాన్ కింద పెడితే వారం పాటు ఇల్లంతా దూదే.